పులిసిన నూకలు

ఆ పుల్లటి వాసన మా పెరట్లోంచేనండి వదినగారూ. నూతి గట్టు పక్కన నీలం బకెట్టు కనబడుతోంది చూడండి, అందులో కోళ్ళకి నూకలు పులియబెట్టాను. కుళ్ళిన వాసన కాదండీ, కాస్త దగ్గరికొచ్చి చూస్తే అచ్చం తరవాణి వాసనే. మీ అత్తగారిని పిలవండి, ఆవిడైతే ఇట్టే గుర్తుపడతారు. కుండలో అన్నం పులిసినా, బకెట్లో నూకలు పులిసినా లోపల పనిచేసేది ఒకే కుటుంబం సూక్ష్మజీవులట. పాలని పెరుగు చేసేవీ వాటి చుట్టాలే. మనం తరతరాలుగా మన పొట్టకి చేసుకున్నదే కోళ్ళకీ చేస్తున్నానంతే.

పొడి నూకలు చల్లితే తినవా అంటారా? తింటాయండీ, ఎందుకు తినవూ! కానీ ఎంత తింటాయి, ఎంత కెలికి పారబోస్తాయి అన్నది కాసేపు నిలబడి చూడండి. తవుడైతే సగం గాలికే. కాలితో ఒక్క గీకు గీకితే చాలు, లేచిపోతుంది. అదే తడిసి పులిసిన మేతనుకోండి, తవుడు గింజకి అంటుకుపోతుంది, పళ్ళెం అడుగు నాకినంత శుభ్రంగా తింటాయి. నాకు ముందు నచ్చింది అదే. గింజ బాగా ఉబ్బుతుంది కాబట్టి తక్కువ మేతతోనే పొట్ట నిండుతుంది. పెద్ద పెట్ట రోజుకి ఇంచుమించు నూరు గ్రాముల మేత తింటుంది కదండీ, నాటుపెట్టలైతే ఇంకా తక్కువే, తిరిగి ఏరుకుంటాయి కాబట్టి. అందులో కొంచెం మిగిలినా నెల తిరిగేసరికి లెక్కలోకి వస్తుంది.

ఇంకోటుందండీ, అది కంటికి కనబడదు. గింజల్లోనూ తవుడులోనూ భాస్వరం ఉంటుంది. అందులో మూడింట రెండొంతుల దాకా ఫైటేట్ అనే పదార్థంలో బిగిసిపోయి ఉంటుంది. దాన్ని విడదీసుకునే సత్తువ కోడి పొట్టకి చాలినంత లేదు. అంచేత చాలా భాగం రెట్టలోనే పోతుంది. గింజని నానబెట్టి పులవనిస్తే గింజలోనే ఉండే ఒక ఎంజైము మేలుకుని ఆ ముడి విప్పడం మొదలెడుతుంది. భాస్వరంతో పాటు జింకు, ఇనుము లాంటివీ కొంత ఒంటికి పడతాయి. గుడ్లు పెట్టే పెట్టకి అదేం చిన్న విషయమా?

ఎలా చేస్తావంటారా? చెప్తానుండండి, పెద్ద పనేం కాదు. నూకలు సగం, మిగతా సగంలో విరగ్గొట్టిన మొక్కజొన్న, సజ్జలు, ఏవి దొరికితే అవి. పైన రెండు గుప్పిళ్ళ తవుడు. చోళ్ళున్నా వేసుకోవచ్చు. బకెట్లో సగానికి మించి పోయకండి, నానితే పైకొస్తాయి. గింజల మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలవాలి. నూతి నీళ్ళైతే అలాగే పోసెయ్యచ్చు. పంచాయతీ కుళాయి నీళ్ళలో బ్లీచింగు కలుపుతారు కదా, వాటిని ముందు రాత్రే మూతలేని గిన్నెలో పట్టి ఉంచండి, ఆ ఘాటు చాలావరకు పోతుంది. లేకపోతే మనకి కావలసిన సూక్ష్మజీవులే ముందు చస్తాయి. మజ్జిగ చుక్క వెయ్యక్కర్లేదు, పంచదార అసలే వద్దు. గింజ ఒంటి మీదున్నవే చాలు. పైన పాత గుడ్డ కట్టండి, లేదా మూత వదులుగా పెట్టండి. లోపల గాలి పుడుతుంది, బిగించారంటే మూత ఎగురుతుంది. పొద్దున్నా సాయంత్రం గరిటెతో అడుగంటా కలపాలి. గింజ నీళ్ళలో మునిగే ఉండాలి, పైకి తేలిందానికే బూజు పడుతుంది.

ఎన్నాళ్ళకి తయారవుతుందో కాలం చెబుతుందండీ. రోహిణి కార్తెలో మర్నాటికే బుడగలొచ్చి పుల్లనైపోతుంది. ధనుర్మాసం చలికి మూడు రోజులు పట్టినా ఆశ్చర్యపోను. గడియారం కంటే ముక్కునే నమ్ముతాను నేను. పెరుగు పులుపులా హాయిగా ఉంటే సిద్ధమైనట్టు. సారా వాసన తగిలిందా, హద్దు దాటిందన్నమాట. ఆ మేత వెయ్యకండి. పైన తెల్లగా పల్చటి పొర కడితే కంగారు పడొద్దు, అదొక రకం ఈస్టు, తీసి పారేస్తే సరి. నూగు నూగుగా ఆకుపచ్చో నలుపో గులాబీ రంగో బూజు కనిపిస్తే మాత్రం పైపైన తీసి మిగతాది వాడదామనుకోవద్దు. బకెట్టు మొత్తం గోతిలో కప్పెట్టండి, కోళ్ళు కెలకని చోట.

బూజు గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయట. ఏ తెగులో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి ఆరా తీస్తే, బ్రెజిల్ నుంచి తెచ్చి మేతలో కలిపిన వేరుశనగ చెక్కకి బూజు పట్టి ఉంది. ఆ బూజు వదిలే విషాన్నే ఇప్పుడు అఫ్లటాక్సిన్ అంటున్నారు. మనమూ కోళ్ళకి వేరుశనగ చెక్క వేస్తాం కదండీ! ముక్క వాసనొచ్చిన చెక్కని పులియబెడితే బాగుపడుతుందని కొందరంటారు. బాగుపడదు. పులుపు చాలా వాటిని అణుస్తుంది గానీ ఆ విషాన్ని నమ్మకంగా తియ్యలేదు. వానాకాలంలో మొక్కజొన్న కొనేటప్పుడూ అంతే. గుప్పిట పట్టి వాసన చూసి, నోట్లో వేసుకుని కొరికి చూస్తే గింజ పటుక్కుమనాలి.

తవుడు అంత ముఖ్యమా అని అడుగుతున్నారు. దానికో కథ ఉందండీ. జావాలో డచ్చివాళ్ళ కాలంలో, 1890ల మాట, ఐక్‌మన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పనిచేసేవాడు. ఆయన పెంచే కోళ్ళు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయి నడవలేకపోయాయి. చూస్తే ఏముందీ, వాటికి సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెడుతున్నారు. ఆ తర్వాత వచ్చిన వంటమనిషి, సైన్యం బియ్యం కోళ్ళకేంటని ఆపేశాడు. మళ్ళీ పై పొర పోని ముడిబియ్యం వెయ్యడం మొదలెట్టేసరికి కోళ్ళు లేచి తిరిగాయి. బియ్యం పైపొరలో ఏదో ఉందన్న సంగతి అక్కడ బయటపడింది. మనం బి1 విటమిన్ అంటున్నది అదే. 1929లో ఆయనకి నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. మనం మిల్లులో తవుడంతా వదిలేసి తెల్లటి నూకలే తెచ్చి కోళ్ళకి చల్లుతున్నాం, అందుకని ఈ కథ నేను అందరికీ చెబుతుంటాను. తవుడు తెచ్చుకునేటప్పుడు ఊక కలిసింది వద్దండీ, దానివల్ల కోడికి ఒరిగేదేం లేదు. తాజాగా ఆడించింది కొంచెం కొంచెం తెచ్చుకోండి, తవుడు నూనె తొందరగా ముక్కిపోతుంది.

మేత తియ్యడానికి జల్లెడ గరిటె పెట్టుకోండి. నీళ్ళు ఓడ్చి, అరగంటలో తినేసేంతే పళ్ళెంలో పెట్టాలి. ఎండలో మిగిలిపోతే ఈగలు ముసురుతాయి. పళ్ళెం రోజూ కడగాలి, అది బద్ధకిస్తే మాత్రం ఈ పని మొదలెట్టకపోవడమే నయం. బకెట్లో మిగిలిన పుల్లనీళ్ళు పారబొయ్యకండి, మళ్ళీ గింజలు అందులోనే వేస్తే ఈసారి సగం సమయంలోనే పులుస్తాయి. పెట్టలు మొదట్లో కొత్త చూస్తాయి, పొడి మేత మీద కాస్త కాస్తగా కలిపి అలవాటు చెయ్యండి. వేసవిలో రొప్పుతూ మేత ముట్టని పెట్ట కూడా తడిమేత దగ్గరికి వస్తుంది, దాంతో నాలుగు చుక్కల నీళ్ళూ లోపలికి పోతాయి. అయినా తాగే నీళ్ళ మూకుడు విడిగా ఉండాల్సిందే.

గుల్ల అందులోనే కలిపెయ్యచ్చా అన్నారు కదూ? వద్దండీ వద్దు! గుడ్డు పెంకు ఒక్కదానికే రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి, కాబట్టి గుల్ల పెట్టి తీరాలి. కానీ బకెట్లో వేస్తే పులుపు గుల్లని కరిగిస్తుంది, గుల్ల పులుపుని చంపుతుంది, రెండూ పోతాయి. వేరే చిప్పలో పెట్టండి, కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. కంపెనీ లేయరు మేతలోనూ సున్నం పాలు ఎక్కువే, అందుకని దాన్ని పులియబెట్టను. పులిసిన గింజల మీద పొడిగా చల్లుతాను.

గుడ్లు రెట్టింపవుతాయా? ఎవరైనా అలా చెబితే నమ్మకండి. గుడ్డు పెట్ట వయసుని బట్టి, జాతిని బట్టి, పగటి పొడుగుని బట్టి వస్తుంది. మార్గశిరంలో పొద్దు కురచై పెట్ట ఆగిందంటే ఏ మేతా దాన్ని బలవంతపెట్టలేదు. సొన రంగు కూడా పులుపు వల్ల రాదు, పచ్చగడ్డి, తోటకూర, అజొల్లా, మొక్కజొన్న వల్ల వస్తుంది. పులిస్తే మాంసకృత్తులు కొత్తగా పుట్టుకురావు. వాటికి చెక్కో, ఉప్పులేని ఎండుచేప పొట్టో, చెదలో ఉండాలి. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పాతకుండలో పేడా గడ్డీ కూరి బోర్లించేవారు. తెల్లారేసరికి పట్టిన చెదల్ని కోడిపిల్లల ముందు దులిపేవారు. అంత మంచి మేత బజార్లో దొరకదు.

మరి కొక్కెర తెగులు రాకుండా ఆపుతుందా అంటే, ఆపదండీ. ఇది నేను మరీ మరీ చెబుతాను, ఎందుకంటే ఆ తెగులొస్తే రెండు మూడు రోజుల్లో గూడు గూడంతా ఖాళీ. పులుపు వల్ల పేగుల్లో హానిచేసే సూక్ష్మజీవులకి చోటు తగ్గుతుంది, రెట్ట కాస్త గట్టిపడుతుంది, అంతవరకే. టీకా మానకూడదు. వారం పిల్లప్పుడు కంట్లో చుక్క, ఎనిమిదో వారంలో రెక్క దగ్గర సూది. పశువుల ఆసుపత్రిలో అడగండి, వేస్తారు. మీ గంప కింద పిల్లలు ఈ మధ్యే దిగాయి కదా, వాటికి తేదీ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి. పిల్లలకి నెల నిండేదాకా పొడి మేతే మంచిదని నా ఉద్దేశం. తడిమేత తొక్కి పొట్టలు తడుపుకుంటాయి, చలికి ముడుచుకుంటాయి.

మీకూ చెయ్యాలనుంటే నా బకెట్లోంచి పుల్లనీళ్ళిస్తాను, పట్టుకెళ్ళి మీ గింజల్లో కలుపుకోండి, తొందరగా అందుకుంటుంది. ఆ అల్యూమినియం గిన్నె వద్దండీ, పులుపుకి లోహం తినేస్తుంది. చిన్నాడి చేత ప్లాస్టిక్ మగ్గు పంపండి, గోడ మీంచే అందిస్తాను.