మా తాండూరు వాన పాసైంది

జూన్‌లో మొదటి వాన పడిన రోజు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మేనత్త ఒక ఫార్వర్డ్ పెట్టింది. ‘ఈసారి పడేది యాసిడ్ వాన. తడిస్తే జుట్టు ఊడిపోతుంది, చర్మం కాలిపోతుంది. పది మందికి పంపండి.’ దాని కింద మా నాన్న రిప్లై: ‘నాకు ఊడేటందుకు జుట్టు ఏడుంది?’

గచ్చిబౌలిలో ఆఫీసు సీట్లో కూర్చుని నవ్వుకున్నాను. కానీ చిన్న డౌటు మిగిలిపోయింది. మాది తాండూరు. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, పొద్దంతా లారీలు. ఇంత పొగ ఉన్న ఊళ్లో యాసిడ్ వాన పడదని గ్యారంటీ ఏంటి? అసలే ఇంజనీర్ని, టెస్ట్ చేయకుండా దేన్నీ నమ్మను కదా. అక్వేరియం షాపులో పీహెచ్ స్ట్రిప్పుల డబ్బా ఒకటి కొని, శనివారం లింగంపల్లిలో రైలెక్కాను.

ఎనిమిదో తరగతిలో మీరూ చదివే ఉంటారు. బొగ్గు, పెట్రోలు, డీజిల్ మండినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాల్లో కలుస్తాయి. అవి తేమతో కలిసి సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలుగా మారి వానతో పాటు కిందికొస్తాయి. మామూలు వాన కూడా కొంచెం ఆమ్లమే. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల దాని పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. అంతకంటే తగ్గితేనే ఆమ్ల వర్షం అంటారు. అది మన చర్మాన్ని కాల్చదు, జుట్టు ఊడగొట్టదు. దాని దెబ్బంతా చెరువుల మీద, అడవుల మీద, మట్టి మీద. స్వీడన్, నార్వేల్లో నేల కింద ఎక్కువగా గ్రానైట్ ఉంటుంది. ఆమ్లాన్ని అడ్డుకునే సున్నం ఆ మట్టిలో తక్కువ. అందుకే ఎక్కడో వేరే దేశాల పొగకి వాళ్ల చెరువుల్లో చేపలు చచ్చిపోయాయి. చివరికి స్వీడన్ వాళ్లు హెలికాప్టర్లతో చెరువుల్లో సున్నపురాయి పొడి చల్లాల్సి వచ్చింది.

ముందు వికారాబాద్‌లో దిగాను. అక్కడ ఇంజనీరింగ్ ఫ్రెండ్ ఒకడున్నాడు. బైకు మీద అనంతగిరి కొండలెక్కాం. మూసీ నది పుట్టేది అక్కడే. సాయంత్రం వాన మొదలవగానే స్టీలు గిన్నె పెట్టి నీళ్లు పట్టాం. స్ట్రిప్పు ముంచితే 6 దగ్గర రంగు వచ్చింది. మామూలు వానే.

ఆ రాత్రే తాండూరు చేరాను. తెల్లవారుజామున ఇక్కడా వాన పడింది. డాబా మీద అమ్మ ఇచ్చిన గిన్నెలో నీళ్లు పట్టి స్ట్రిప్పు ముంచాను. తక్కువ వస్తుందని గట్టిగా అనుకున్నా. 7 దాటింది. ఇంకోటి ముంచినా అదే. ఆమ్లం అన్న మాటే లేదు.

నాన్నకి చూపిస్తే తెగ సంబరపడ్డాడు. “చూసినవారా, మన వాన పాసైంది. ఉత్తగనే మీ అత్త బెదిరిస్తది” అన్నాడు. అని దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

కాసేపటికి గిన్నెలో నీళ్లు తేటపడ్డాయి. అడుగున తెల్లటి పొర కనిపించింది. వేలితో తీసి చూస్తే మెత్తటి రాతి పిండి.

అప్పుడు లెక్క అర్థమైంది. మా నాపరాయి అంటే సున్నపురాయే, కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే అది విరిచేస్తుంది. స్వీడన్ వాళ్లు హెలికాప్టర్లలో మోసుకెళ్లి చల్లిన పొడి మా ఊళ్లో ఊరికే గాల్లో తిరుగుతోంది. వాన చినుకు కిందికొచ్చేలోపే దాన్ని కలుపుకుని ఆమ్లం పోగొట్టుకుంటోంది. మన దేశంలో చాలా చోట్ల ఇదే కథ. నేల నుంచి లేచే కాల్షియం దుమ్ము వల్లే ఇంత బొగ్గు కాలుస్తున్నా వాన అంతగా ఆమ్లం కావట్లేదని సైంటిస్టులు చెప్తారు. థర్మల్ ప్లాంట్ల చిమ్నీల్లో సల్ఫర్‌ని పట్టే ఎఫ్‌జీడీ యంత్రాల్లో వాడేదీ ఈ సున్నపురాయే. 2015 డిసెంబర్‌లో కేంద్రం సల్ఫర్‌కి పరిమితులు పెట్టింది, 2025 జూలైలో ఎక్కువ ప్లాంట్లకి మినహాయింపు ఇచ్చేసింది.

రెండు స్ట్రిప్పులతో సైన్సు తేలదని నాకూ తెలుసు. కానీ ఆ తెల్ల పొర చూశాక స్ట్రిప్పుల మీద ఇంట్రెస్ట్ పోయింది. వానని పాస్ చేయించిన దుమ్మునే మా నాన్న ఇరవై రెండేళ్లుగా పీలుస్తున్నాడు. పాలిషింగ్ యూనిట్లో పని. మిషన్ మీద నీళ్లు పోస్తూనే రాయి కోస్తారు, అక్కడ దుమ్ము తక్కువే. కానీ ఆ తెల్ల బురదని బయట కుప్ప పోస్తారు. ఎండాక లారీలు తొక్కితే లేస్తుంది చూడండి దుమ్ము! నా హాస్టల్ ఫీజు, మొదటి ల్యాప్‌టాప్ అన్నీ ఆ రాయి మీద వచ్చినవే.

గిన్నె లోపల పెట్టబోతే టీవీ వెనక ఇన్‌హేలర్ కనిపించింది. “ఎప్పటినుంచి?” అనడిగాను. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న టీవీ వైపు చూశాడు.

“రెండేండ్లైంది. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే” అంది అమ్మ.

“డాక్టర్ ఏమన్నాడు?”

“దుమ్ముకి దూరంగ ఉండమన్నడు. దుమ్ము లేని పని ఈ ఊర్లె ఏడుందిరా?” అన్నాడు నాన్న.

నా దగ్గర జవాబు లేదు. మానెయ్యమని చెప్పడం నాకు ఈజీనే, నెల తిరిగితే నాకు జీతం పడుతుంది. యాభై ఐదేళ్ల మనిషికి పని అంటే జీతం ఒక్కటే కాదు. మిషన్ దగ్గర ఆయనకి ఒక పేరుంది, ‘పెద్దన్నా’ అని పిలిచేవాళ్లున్నారు.

వారం రోజులు ఫోన్లోనే కొట్లాడుకున్నాం. చివరికి హైదరాబాద్ వచ్చి ఊపిరితిత్తుల టెస్టు చేయించుకున్నాడు. గొట్టంలోకి గట్టిగా ఊదే టెస్టు, స్పైరోమెట్రీ. ఊదడానికి ఆయన పడ్డ అవస్థ చూసి నేను బయటికొచ్చేశాను. పూర్వం ఇదే మనిషి నన్ను భుజాల మీద ఎత్తుకుని కాగ్నా వాగు దాటించాడు. తగ్గిన ఊపిరి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, ఇంకా తగ్గకుండా చూసుకోమన్నారు డాక్టర్.

ఇప్పుడు బురద కుప్పల వైపు కాకుండా లోడింగ్ లెక్కలు రాసే గదిలోకి మారాడు. జీతం కొంచెం తక్కువ. తుండుగుడ్డ సన్నటి దుమ్ముని ఆపదని చెప్పి ఎన్95 మాస్కుల బాక్సు పంపించాను. మొదట్లో ‘కరోనా పెద్దన్న’ అని నవ్వారట. ఇప్పుడు ఇంకో ఇద్దరు అడిగి పెట్టుకుంటున్నారట. బురద మీద రోజూ నీళ్లు కొట్టించమని ఓనర్‌ని అడిగితే చూద్దామన్నాడట. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

మీ ఇంట్లో కూడా రాయి, సిమెంటు, పత్తి మిల్లు, ఏదో ఒక దుమ్ములో పనిచేసేవాళ్లుంటే, ఈసారి ఇంటికెళ్లినప్పుడు వాళ్ల దగ్గుని కాసేపు వినండి. ఆ ఊదే టెస్టు ఒక్కసారి చేయించండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

నిన్న రాత్రి నాన్న ఫోన్ చేశాడు. “వాన పడుతుందిరా, గిన్నె పెట్టాల్నా?” అన్నాడు.

“వద్దు నాయినా, కిటికీ దగ్గర కూసో” అన్నాను.

వాన కడిగిన గాలి ఆ ఊళ్లో మహా అయితే ఒక పూట ఉంటుంది. ఆ పూటైనా ఆయన తృప్తిగా పీల్చుకోవాలి.