ఇబ్రహీంపట్నము పెద్దచెరువు – మా వదినగారి కెమెరా

మార్గశిర మాసమున నొక ఆదివారమునాడు తెల్లవారుజామున మేమును, మా వదినగారును, మా అమ్మాయియు కలిసి ఇబ్రహీంపట్నము చెరువు చూచుటకు బయలుదేరితిమి. అది తీర్థయాత్ర కాదు, పెండ్లిపయనమును కాదు. మా వదినగారు క్రొత్తగా కొన్న కెమెరాకు పని కల్పించుటయే ఆ ప్రయాణమునకు కారణము. ఆ దినమున చూచినవియు, అంతకు ముందు నెలదినములుగా ఆ కెమెరానుగూర్చి వినుచు వచ్చినవియు సోదరీమణులకు చెప్పవలెనని తోచి ఇది వ్రాయుచున్నాము.

మా వదినగారు ముప్పది సంవత్సరములు పాఠశాలలో లెక్కలు చెప్పి ఇటీవలనే విశ్రాంతి తీసికొనిరి. పిల్లలిద్దరును దూరదేశములందున్నారు. పక్షులన్న ఆమెకు చిన్ననాటినుండియు ప్రీతి. చీటీ పాడగా చేతికి వచ్చిన సొమ్ముతో లక్ష రూపాయలకు పైబడిన కెమెరా యొకటి, దానికి రెండు లెన్సులు కొనిరి. అది మొదలు ప్రశ్నలు ప్రారంభమయ్యెను.

దుకాణములోని యువకుడు మొదట అడిగిన మాట, “సార్ వాడుకుంటారామ్మా?” అని. “లేదు బాబూ, నేనే” అని వదినగారనగా, అతడు చిన్న కెమెరాలున్న బల్లవైపు చేయి చూపి, “మీకైతే అవి చాలమ్మా” అనెను. ఇంటికి వచ్చిన పెద్దలు, ఆ సొమ్ముతో బంగారము కొనియుండినచో పెరిగియుండెడిదిగదా యని నొచ్చుకొనిరి. ఇరుగుపొరుగు వారు, “పెండ్లిళ్లు ఎప్పటినుండి ఒప్పుకొంటున్నారు?” అని నవ్విరి. మా వీధిలో పెండ్లిఫొటోలు తీసి జీవించు నొకడు కెమెరాను త్రిప్పి త్రిప్పి చూచి, “ఇంత కెమెరా నాకే లేదు మేడమ్. ఆటోలో పెట్టి నొక్కడానికి ఇదెందుకు?” అనెను. చివరకు మా అమ్మాయి కూడ, “ఫోను చాలదా అత్తయ్యా?” అని అడిగెను.

ఈ మాటలన్నింటిలోను ఉన్న భావమొక్కటే. సంపాదన తెచ్చిపెట్టని పనికి మంచి పనిముట్టు దండుగ. అందులోను వయసు మళ్లిన స్త్రీ చేతిలో మరియు దండుగ. మన యిండ్లలో ఆడపిల్లకు వీణ కొన్ననాడు, కచేరీలు చేయునా యని ఎవరును అడుగరు. కుట్టుమిషను కొన్న ఇల్లాలిని దర్జీదుకాణము తెరచుచున్నావా యని ఎవరును నిలదీయరు. కెమెరా విషయముననే ఈ లెక్కలేల వచ్చునో మాకు బోధపడలేదు.

లాల్బహదూరునగరము దాటి నాగార్జునసాగరము పోవు దారిని పట్టితిమి. తుర్కయంజాలు, బొంగులూరు, మంగళ్‌పల్లి మీదుగా పోవు ఈ మార్గమున ఒకప్పుడు చేలుండెడిచోట నేడు ఇంజనీరింగు కళాశాలలు, ప్లాట్ల అమ్మకపు ప్రకటన పలకలు కనబడుచుండును. నగరమునకు సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నమున్నది. ఊరికి పేరిచ్చినవాడు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా. ఆయన 1550 మొదలు 1580 వరకు రాజ్యము చేసెను. పట్టమునకు రాకముందు విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమున కొన్నియేండ్లు గడపి, తెలుగు మాటను ప్రేమించుట నేర్చెను. తెలుగు కవు లాయనను మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాయనకే అంకితమిచ్చెను. రాజ్యము చేయుటకు కావ్యరుచి అవసరము కాదు. మక్కువచేతనే ఆ రుచి నలవరచుకొనెను. ఆయన కాలమునాటిదే ఈ పెద్దచెరువు.

మేము కట్ట ఎక్కునప్పటికి నీటిమీద మంచు ఇంకను విడలేదు. దూరమున ఒకడు థర్మోకోల్ తెప్పపై కూర్చుండి వల తీయుచుండెను. నీటికాకులు రెక్కలు చాచి ఎండకై ఎదురుచూచుచుండెను. తెల్లకొంగ యొకటి ఒడ్డున ఒంటికాలిపై నిలిచియుండెను. మా అమ్మాయి ఫోనుతో దానిని తీయగా తెరమీద బియ్యపుగింజంత చుక్క కనబడెను. ఫోనులోని లెన్సు, వెలుతురు పట్టు పలక మిక్కిలి చిన్నవి. ఇంటిలోని వారిని తీయుటకు చాలునుగాని దూరపు పక్షిని దగ్గరకు తేలేవు. “ఇందుకేనా అత్తయ్యా!” అని అది ఒప్పుకొనెను.

అయితే వదినగారి కెమెరాయు మొదట గెలువలేదు. కొంగ ఈకల జాడయే లేక సున్నము కొట్టిన గోడముక్కవలె వచ్చెను. కట్టమీద పొడుగాటి లెన్సులతో నిలిచిన యువకులు నలుగురుండిరి. వారిలో నొకడు ఓరకంట చూచి, “ఆటోలో పెట్టుకోండి ఆంటీ” అని మొగము త్రిప్పుకొనెను. ఆ గుంపులోనే కొంచెము పెద్దవాడొకడు దగ్గరకు వచ్చి, “నీళ్లు నల్లగా ఉన్నాయమ్మా, కెమెరా మోసపోతుంది. వెలుతురు ఒక మెట్టు తగ్గించండి” అని చెప్పి పోయెను. అది నిజము. దృశ్యమంతయు సగటున నడిమి వెలుతురులో నుండునట్లు కెమెరా లెక్క కట్టుకొనును. చుట్టును నల్లని నీరున్నందున వెలుతురును పెంచి, తెల్లని పక్షిని పాడుచేసెను. లెక్కల పంతులమ్మగారికి సగటు మాట వినగానే సంగతి బోధపడెను. తరువాతి ఫొటోలో కొంగమెడ మీది ప్రతి ఈకయు విడివిడిగా కనబడెను.

ఎండ ఎక్కిన పిమ్మట కట్టమీద కూర్చుండి తెచ్చుకొన్న ఉప్మా తినుచుండగా ఆ యువకుని మాటయే ప్రస్తావనకు వచ్చెను. వదినగారికి కోపము రాలేదు. “మనకంటె ముందు పడినవారున్నారు” అని కొందరి కథలు చెప్పిరి.

1815 లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరన్ అను నామెకు 1863 లో, నలుబది యెనిమిదవ యేట, కూతురును అల్లుడును ఒక పెద్ద కెమెరాను కానుకగా ఇచ్చిరి. ఇంగ్లండులో వైటు దీవిలోని తన యింట ఆమె బొగ్గులకొట్టును చీకటిగదిగను, కోళ్లగూడును అద్దాల చిత్రశాలగను మార్చుకొనెను. ఆమె తీసిన మొగములు మసకగా నున్నవని, పలకలపై మరకలున్నవని ఆనాటి ఫొటోగ్రాఫర్ల సంఘమువారు హేళన చేసిరి. నేడు ఆ మసక మొగములనే పెద్ద మ్యూజియములు భద్రపరచుచున్నవి. 1888 లో ఈస్ట్‌మన్ అను నాతడు నూరు ఫొటోలు పట్టు చేతికెమెరాను కొడక్ అను పేర అమ్మజూపినప్పుడును ఇట్లే జరిగెను. మీట నొక్కుట తప్ప ఏమియు ఎరుగనివారు కళను చెరచుచున్నారని నిపుణులు విసుగుకొనిరి.

మన హైదరాబాదు మాటయే చూతము. ఆరవ నిజాము కొలువున రాజా బిరుదమందిన లాలా దీనదయాళు (1844–1905) పుట్టు ఫొటోగ్రాఫరు కాడు. ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగము చేయుచు తీరికవేళల ఈ విద్య పట్టుకొనెను. ఆయనయే 1892 లో హైదరాబాదున ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేక చిత్రశాలను స్థాపించి, దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్ల మహిళ చేతికి అప్పగించెను. పరపురుషుని కంటబడరాని స్త్రీలు అచ్చట ఒక స్త్రీ ఎదుట నిర్భయముగా కూర్చుండి ఫొటో తీయించుకొనిరి. నవసారిలో 1913 లో పుట్టిన హోమై వ్యారవాలా మన దేశమున పత్రికలకు ఫొటోలు తీసిన మొదటి మహిళ. ఆమె తొలి చిత్రములు భర్తపేరిటనే అచ్చయ్యెను. “దుకాణములో ‘సార్ వాడుకుంటారా’ అన్న ప్రశ్న అంత పాతది” అని వదినగారు నవ్విరి.

ఇంతలో కట్టమీద పోవుచున్న పెద్దమనిషి యొకడు ఆగి, కెమెరావంక అనుమానముగా చూచి, “శిఖం కొల్వనీకి వచ్చిండ్రా అమ్మా?” అని అడిగెను. చెరువు నిండినప్పుడు నీరు నిలుచు నేలను ఇచ్చట శిఖమందురు. నగరము ఇటువైపు పెరుగుచుండగా భూమి విలువ ఎంత పెరిగెనో, దానితోకూడ భయమును అంత పెరిగెను. పెద్ద కెమెరా పట్టుకొని వచ్చినవారు సర్వేవారో, భూములు కొనువారో అయియుందురని వారి తలపు. పక్షులకొరకు వచ్చితిమని చెప్పినను ఆయన పూర్తిగా నమ్మినట్లు తోచలేదు. అంతవరకు మనలను ఇతరులు ఎట్లు చూతురోయని నొచ్చుకొనుచుంటిమిగాని, మన చేతి వస్తువు ఎదుటివారికెట్లు కనబడునో ఆలోచింపలేదు.

కట్ట దిగువను చేపలమ్ము నొక స్త్రీయు, ఆమె అత్తగారును కూర్చుండియుండిరి. వదినగారు కెమెరా ఎత్తి, తీయవచ్చునా యని సైగచేసిరి. ఆమె కత్తిపీట ప్రక్కకు పెట్టి, “అందరు తీస్కపోతరమ్మా. ఒక్కలన్న తెచ్చియ్యలే” అనెను. మరల తానే, “మా అత్తకు ఆధార్ కార్డు మీద ఉన్నదే ఫొటో. మా ఇద్దరిది కలిపి తీస్తవా? తెచ్చిస్తవా?” అని అడిగెను. తెచ్చి యిత్తునని వదినగారు మాట ఇచ్చిరి. అత్తగారు ముందు కూర్చుండెను. కోడలు ఒక అడుగు వెనుక నిలుచుండెను. వదినగారు ఆరు ఫొటోలు తీసిరి. కెమెరా వెనుకనున్న చిన్న తెరమీద అన్నియు బాగుగనే కనబడెను.

ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూడగా గుండె జారెను. అత్తగారి మొగమున ప్రతి ముడుతయు స్పష్టముగా నున్నది. కోడలి మొగము మాత్రము ఆరింటిలోను మసక. ఖరీదైన లెన్సునకు గొప్పయని చెప్పబడు గుణమే దీనికి కారణము. వెలుతురు వచ్చు రంధ్రమును వెడల్పుగా తెరచినచో, చూపు నిలిపిన దూరమున నున్నదే తేటగా వచ్చును, ముందువెనుకలు మసకబారును. పువ్వును తీయునప్పుడు అది అందము. వెనుక నిలిచిన మనిషికి అది అన్యాయము. ఆ రాత్రి వదినగారు భోజనము సరిగా చేయలేదు. “నలుగురు నన్ను ఎగతాళి చేసినప్పుడు బాధపడలేదు. ఆ అమ్మాయి మొగము నేను చెరిపేసినట్లయింది వదినా” అనిరి.

తరువాత పదునైదు దినములు ఆమె మా యింటిలోని చెంబులు, బిందెలు వరుసగా ముందువెనుకలుగా పెట్టి ఫొటోలు తీసి, రంధ్రపు అంకె 1.8 నుండి 8 వరకు మార్చుచు ఏ అంకెకు ఎంతమేర తేటగా వచ్చునో పుస్తకమున వ్రాసికొనిరి. పుష్యమాసమున మరల ఇబ్రహీంపట్నము పోతిమి. అత్తాకోడండ్రు అదే చోట నుండిరి. ఈసారి ఇద్దరిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి, అంకె 8 పెట్టి తీసిరి. వెంటనే బజారులోని చిన్న స్టూడియోకు పోయి అచ్చు వేయించితిమి. పాసుపోర్టు ఫొటోలు తీసికొను ఆ స్టూడియో యజమాని కెమెరాను చేతిలోకి తీసికొని బరువు చూచి, “మంచిగున్నదమ్మా. నేర్సుకోండ్రి” అనెను. మేము విన్న మాటలన్నింటిలోను అది మేలైన మాట. పెండ్లిఫొటోలు తీయువాని కినుకలో న్యాయము లేకపోలేదు; అతనికి కెమెరా అన్నము. కాని సరదాకు తీయువారు తమ చిత్రములను ఫోనులోనే పాతిపెట్టక ఇట్టి చిన్న స్టూడియోలలో అచ్చు వేయించుకొన్నచో, ఆ వృత్తివారికిని కొంత పని దొరకును.

ఫొటో చేతికి ఈయగా ఆమె తడిచేతులు కొంగున తుడుచుకొని పుచ్చుకొని, అత్తగారికి చూపి, “గిది ఇయ్యనీకె మల్ల వచ్చిండ్రా?” అని మాత్రమనెను. పిదప మేము బొచ్చెచేప కొంటిమి. ధరలో ఒక్క రూపాయియు తగ్గింపలేదు. అది మాకు నచ్చెను.

సోదరీమణులారా! మీలో నెవరికైన మంచి కెమెరా కొనవలెనని యున్నచో, కొనుటకు ఎవరి యోగ్యతాపత్రమును అక్కరలేదు. కాని అప్పు చేసి కొనకుడు. వాడిన కెమెరాలు సగము ధరకే దొరకును. ఖరీదైన లెన్సులు దినమునకింతయని అద్దెకును దొరకును. మెడకు తగిలించుకొని ఒక గంట నడచి, బరువు మోయగలరో లేదో చూచుకొని మరీ కొనుడు. వెలుతురు వచ్చు రంధ్రము, అది తెరచియుండు కాలము, వెలుతురునకు పలక చూపు చురుకు – ఈ మూడింటి పొత్తు నేర్చుకొన్నచో తక్కినదంతయు అభ్యాసమే. “ఆటోలో పెట్టి నొక్కడానికి ఇదెందుకు” అన్నవారికి బదులు చెప్పనక్కరలేదు. ఆటోలోనుండి ఒక్కొక్క మెట్టు దిగుచు రండు. ఇతరుల మొగము తీయునప్పుడు మాత్రము ముందు అడుగుడు. తీసినది తెచ్చి యిచ్చెదమన్నచో తప్పక యిండు.

మా వదినగారి వద్ద నేటికిని ఆ ఆరు మసక ఫొటోలున్నవి. చెరిపివేయుమని మా అమ్మాయి చెప్పినను ఆమె వినలేదు. “తప్పిన లెక్క కొట్టేయకూడదమ్మా, పక్కనే సరైనది వెయ్యాలి” అనుచుందురు.