నడుమ ఆనుడు లేని బండ

చాలా రోజుల నుంచి గ్రూపులో అన్నలు, అక్కలు రాసేవి చదువుతాండా గానీ, నేను రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నాది జమ్మలమడుగు పక్కన ఒక సుగాలి తండా. ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా బా (నాన్నను మేం అట్లనే పిలుస్తాం) బండల గనిలో కూలి. మా తట్టు రాయి సున్నపురాయి. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి గడ్డపారతో ఎత్తితే బండలుగా లేస్తుంది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది కూడా ఈ సున్నపురాయి కోసమే.

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో 'ఘనపదార్థాల యాంత్రిక ధర్మాలు' అని ఒక పాఠం ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివిన నాకు స్ట్రెస్, స్ట్రెయిన్ అంటే ఏందో అర్థం కాలే. స్ట్రెస్ అంటే ప్రతిబలం, స్ట్రెయిన్ అంటే వికృతి అని పక్కన రాసుకొని, అంతా బట్టీ పట్టినా. రెండు చివర్లా ఆనించిన దూలం మధ్యలో బరువు పెడితే ఎంత వంగుతుందో చెప్పే సూత్రం కూడా పరీక్షలో తప్పు లేకుండా రాసినా. 60కి 54 వచ్చినాయి. తండా అంతా చెప్పుకున్నా.

ఆ ఎండాకాలం సెలవుల్లో ఇంటి ముందర కాలవ మీద బండ వెయ్యమని బా చెప్పి పనికి పోయినాడు. నాలుగడుగుల కాలవ. దాని మీద నీళ్ల డ్రమ్ము పెట్టాల. ఇంట్లో రెండు రకాల బండలుండాయి. రెండంగుళాలది మోయలేక, అంగుళం మందం ఉన్నది వేసినా. "నడుమ ఒక రాయి ఆనించు" అని బా పోతా పోతా చెప్పిన మాట కూడా పట్టించుకోలే. బురదలో దిగడం ఎందుకులే అనుకున్నా.

200 లీటర్ల డ్రమ్ము. అంటే నీళ్లే 200 కిలోలు. నాలుగు రోజులు నిలబడింది. ఐదో రోజు ట్యాంకరు వచ్చి డ్రమ్ము నిండినాక, మా యాడి బండ మీద నిలబడి బిందె ముంచుతుంటే ఫట్‌మని రెండు ముక్కలాయ. అమ్మ కాలు కాలవలో పడి మడమ దగ్గర ఎముక చిట్లింది. నెలన్నర కట్టు. కూలి పాయ. ఇంటి పని చెయ్యడానికి చెల్లెలు బడి తెరిచినా పోకుండా ఉండిపోయింది. బా నన్ను తిట్టలే. పగిలిన ముక్క తిరగేసి చూసి, "బండకు నడుమ ఆనుడు ల్యాకపాయ" అన్నాడు, అంతే.

ఆ రాత్రి పుస్తకం తీసినా. నేను 54 మార్కులు తెచ్చుకున్న సూత్రంలోనే అంతా ఉంది. వంపు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, మందం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. మందం రెండింతలు చేస్తే వంపు ఎనిమిదో వంతే. పగలకుండా మోసే బరువు నాలుగింతలు. నేను వదిలేసిన బండ అదే.

లావుపాటి రబ్బరు ముక్క పక్కన పెన్నుతో నిలువు గీతలు గీసి, రెండు చివర్లు పైకి వచ్చేటట్టు వంచి చూడండి. పైన గీతలు దగ్గరవుతాయి, కింద దూరమవుతాయి. అంటే పైభాగం నలుగుతోంది, కిందిభాగం సాగుతోంది. రాయి నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగదీస్తే అందులో పదోవంతు కూడా ఓర్చుకోదు. అందుకే చీలిక కిందినుంచి మొదలైంది, పై నుంచి చూసే మాకు కనపడలే. నడుమ రాయి ఉండింటే డ్రమ్ము బరువు నేరుగా దాని మీదికి దిగేది, బండకు వంగే పని ఉండేది కాదు.

గనిలో బండను పడుకోబెట్టి మోయరు, అంచు మీద నిలబెట్టి మోస్తారు. లారీలో కూడా నిలబెట్టే పేరుస్తారు. రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండను నిలబెడితే, లెక్క ప్రకారం దాని వంపు 576 రెట్లు తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తానే ఉన్నా, ఎందుకని ఒక్కసారీ అడగలే.

తర్వాత వారం ఇద్దరం కలిసి రెండంగుళాల బండ వేసి, నడుమ రాయి ఆనించినాం. పని చేస్తా బాకు ఇదంతా చెప్పినా. అంతా విని, "అందుకేనా మిద్దెకు కమ్మీలు కిందితట్టు కడతారు?" అన్నాడు. అవును, కాంక్రీటు కూడా రాయి మాదిరే, సాగే చోట ఉక్కు మోస్తుంది అన్నా. "మరి సన్‌షేడుకు పైతట్టు కడతారు కదరా?"

నాకు జవాబు రాలే. రాత్రంతా ఆలోచించినా. సన్‌షేడు ఒక తట్టే గోడలో ఉంటుంది, రెండో తట్టు గాలిలో ఉంటుంది. చివర కిందికి వంగితే సాగేది పైభాగం. పొద్దున పనికి పోయే ముందర చెప్పినా. బా చెయ్యి ముందుకు చాపి, కిందికి వంచి చూసుకొని, "ఊ" అని క్యారియరు తీసుకొని పోయినాడు.

ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పాఠం కష్టంగా ఉందంటే అడగండి, నాకు తెలిసినంత చెప్తా. ఇంట్లో పెద్దోళ్లు ఏ పని చేసినా, ఎందుకట్ల చేస్తారో ఒకసారి అడిగి చూడండి. మా చెల్లెలు ఆ తర్వాత మళ్లీ బడికి పోతాంది. యాడి ఇప్పటికీ ఆ బండ ఎక్కే ముందర కాలితో తట్టి చూస్తుంది.