ఆవిడ పేరేమిటి?

నిరుడు మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు మధ్యాహ్నాలు ఏమీ తోచక ఇబ్బంది పడేది. లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు అమ్మేస్తుంటే నేనెప్పుడో డాలరుకి కొన్న ‘ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ చేతికిచ్చాను. అమ్మకి ఇంగ్లీషు రాదు కానీ అందులో చదవడానికీ పెద్దగా ఏమీ లేదు. అన్నీ ఫోటోలే.

1955లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఎడ్వర్డ్ స్టైకెన్ పెట్టిన ప్రదర్శన అది. 68 దేశాలు, 503 ఫోటోలు. దేశాలవారీగా కాకుండా ప్రేమ, పురుడు, పని, ఆట, చావు అని వరుస పెట్టాడాయన. మనుషులంతా ఒక్కటేనని చెప్పడం ఉద్దేశం. అలా అనేస్తే సరిపోతుందా, ఎవరి చరిత్ర వాళ్ళకి లేదా అని ఫ్రాన్సులో రోలా బార్త్ అప్పట్లోనే దెబ్బలాడాడు. మేధావుల గొడవలే అనుకుని నేను పట్టించుకోలేదు.

అమ్మకి మాత్రం స్టైకెన్ మాట తేలిగ్గానే అందింది. ఏ దేశంవాళ్ళో తెలియని ముసలి దంపతుల్ని చూసి, “మీ తాతా నాయనమ్మా ఇలాగే కూచునేవాళ్ళు” అని నవ్వుకుంది. ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. డొరొతియా లాంగ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’. చెంప దగ్గర చెయ్యి, చెరో పక్కా మొహాలు దాచుకున్న పిల్లలు, ఒళ్ళో పసిబిడ్డ.

“పని దొరకలేదు కాబోలు పాపం. ఈవిడ పేరేమిట్రా?”

పుస్తకంలో దేశం పేరుంది, ఫోటో తీసినావిడ పేరుంది. ఆ తల్లి పేరు లేదు.

రాత్రి కూచుని వెతికాను. 1936 మార్చిలో, కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర, బఠాణీ కోతకొచ్చిన కూలీల మకాంలో తీసిందది. పేరు అడగలేదని లాంగే తర్వాత రాసుకుంది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ, చెరోకీ మనిషనీ లోకానికి తెలిసింది 1978లో. ఫోటో కాపీ పంపిస్తానని చెప్పి పంపలేదనీ, దానివల్ల తనకు పైసా రాలేదనీ ఆమె వాపోయింది.

పొద్దున్న కాఫీ తాగుతూ ఇదంతా చెప్పాను. అమ్మ విని, మా లివింగ్ రూమ్ గోడకేసి చూసింది.

అక్కడ పెద్ద ఫ్రేములో మా ఊరి ఊడ్పులున్నాయి. మోచేతులదాకా బురదతో, నడుం నిటారుగా చేసుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి. పదేళ్ళ కిందట సెలవులకి వెళ్ళినప్పుడు గట్టుమీంచి తీశాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. మా ఆఫీసులో అయోవా ఆయన ఒకసారి భోజనానికొచ్చి, వాళ్ళ అమ్మమ్మ మొక్కజొన్న చేలో అచ్చం ఇలాగే నిలబడేదని చెబుతూ చాలాసేపు అక్కణ్ణించి కదల్లేదు. ఆ రోజు నాకెంత గర్వమో!

“ఫోటో ఇస్తావని మూడేళ్ళు నన్నడిగింది. తర్వాత అడగడం మానేసింది” అంది అమ్మ.

ఆమె పేరు చెప్పింది. చిన్నప్పుడు మా దొడ్లో బియ్యం చెరిగినావిడ కూతురట. పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమెని అడగలేదు కదా.

అమ్మ తిరుగు ప్రయాణంలో పెట్టె తూకం ఎక్కువైతే పిస్తా ప్యాకెట్లు తీసేసి ఫ్రేముని ఉంచింది. రెండు వారాల తర్వాత ఫోన్ చేశాను.

“ఇచ్చానురా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ముందే చెప్పుంటే మంచి చీర కట్టుకునేదాన్ని కదమ్మా అంది. ఈసారి వచ్చినప్పుడు మనవరాలితో ఇంకోటి తియ్యాలట.”