చెల్లి ఎట్టా వెళ్ళాలి: నాగాయలంక నుంచి విజయనగరం దాకా

ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. అడ్మిషన్ల టైం వస్తే మీ ఇళ్ళల్లో కూడా ఇదే మాట వస్తుంది.

మేము నలుగురం. నాగాయలంక దగ్గర ఒక ఎస్టీ కాలనీలో పుట్టిన యానాది పిల్లలం. మా అమ్మానాన్నలు ఇప్పటికీ కాలవల్లో, మడ అడవుల్లో పీతలు పట్టి, చెరువుల దగ్గర కాపలా ఉండి బతుకుతున్నారు. మాలో ఒకడు బందర్లో చిన్న ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాడు, ఒకడు ఇంకా చదువుతున్నాడు, మిగతా ఇద్దరం నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్నాం. కాలనీలో జిల్లా దాటి చదువుకున్నది మేమే కాబట్టి, ఎవరికి ఏ సందేహం వచ్చినా మా దగ్గరికే వస్తారు.

పోయిన ఏడాది ఆగస్టు చివర్లో మా వరస చెల్లికి విజయనగరంలో ఉన్న కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో పీజీ సీటు వచ్చింది. 2019లో మొదలైన యూనివర్సిటీ అది. మా కాలనీ నుంచి అంత దూరం చదువుకి వెళ్ళే మొదటి ఆడపిల్ల ఆమే. అందరం సంబరపడ్డాం. ఆ రాత్రే పిన్ని మమ్మల్ని పిలిచి, "అబ్బాయిలూ, మీరు తిరిగినోళ్ళు. ఇది అంత దూరం ఎట్టా ఎల్లాలో మీరే చెప్పండి" అంది.

దివిసీమ సంగతి తెలిసిందే. కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న నేల మనది. 1977 నవంబరు 19 ఉప్పెన పేరు చెబితే మన సీమ అందరికీ గుర్తొస్తుంది గానీ, రైలు కూత మాత్రం ఇప్పటికీ మనకి వినపడదు. మచిలీపట్నం నుంచి రేపల్లెకి రైలు మార్గం వేయమని పెద్దాళ్ళ కాలం నుంచీ అడుగుతూనే ఉన్నారు. రైలెక్కాలంటే మనం బందరో, గుడివాడో, బెజవాడో, అటు రేపల్లెకో పోవాల్సిందే. నాగాయలంక నుంచి విజయనగరం నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది.

పిన్ని అడిగిన మాటకి వెంటనే జవాబు చెప్పలేకపోయాం. దానికి కారణం ఉంది, సిగ్గుపడుతూనే చెబుతున్నాం.

అంతకు రెండేళ్ళ ముందు మా కాలనీ తమ్ముడు ఒకడికి విశాఖలో సీటు వచ్చింది. అప్పుడు కూడా దారి చెప్పింది మేమే. "బెజవాడ వెళ్ళి ఏ బండి వస్తే ఆ బండి జనరల్ బోగీ ఎక్కెయ్ రా, డబ్బు కలిసొస్తుంది" అన్నాం. వాడు రాత్రంతా బాత్రూం పక్కన నిలబడ్డాడు. తెల్లవారుజామున కాస్త కన్ను మూతపడింది. లేచేసరికి బ్యాగు లేదు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల సర్టిఫికెట్ అన్నీ ఒరిజినల్సే అందులో ఉన్నాయి. వాడు ఏడుస్తూ ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న వెళ్దామనుకున్నాడు గానీ, ఆయనకి బెజవాడ తర్వాత దారి తెలియదు. మా నలుగురికీ ఆ రోజు కుదరలేదు. వాడు ఒక్కడే తిరిగొచ్చాడు. కాగితాలన్నీ మళ్ళీ తీసుకునేసరికి నెలలు గడిచాయి, సీటు పోయింది. ఇప్పుడు రొయ్యల చెరువు మీద మేత చల్లుతున్నాడు. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ.

అందుకే ఈసారి పుస్తకం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాం.

మొదట ప్రైవేటు స్లీపర్ బస్సు గురించి మాట్లాడుకున్నాం. ఎక్కి పడుకుంటే పొద్దున్నే దిగొచ్చు. కానీ పండగొచ్చిందంటే రేటు ఎంత చెబితే అంత. పైగా మాలో ఒకణ్ణి ఒకసారి ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీద మూడింటికి దింపేసి పోయారు. మగపిల్లాడు కాబట్టి టీ బంకు దగ్గర తెల్లారేదాకా కూర్చున్నాడు. చెల్లిని అట్టా ఊహించుకోలేకపోయాం. దాన్ని కొట్టేశాం.

తర్వాత రైలు. ఇక్కడే మాలో మాకు గొడవయ్యింది. ఒకడు బెజవాడ నుంచి బళ్ళు ఎక్కువ, కొన్ని నేరుగా విజయనగరంలో ఆగుతాయి అన్నాడు. నిజమే. కానీ అవి ఎక్కడి నుంచో నిండి వస్తాయి. అర్ధరాత్రి ప్లాట్‌ఫాం మీద సామానుతో పరిగెత్తి బోగీ వెతుక్కోవాలి. బందరు నుంచి విశాఖకి రాత్రి బండి ఉంది కదా అన్నాడు ఇంకొకడు. అది బందర్లోనే బయల్దేరుతుంది. ముందే వెళ్ళి నెమ్మదిగా బెర్తు చూసుకుని, బ్యాగుని సీటు కింద గొలుసేసి కట్టి కూర్చోవచ్చు. గుడివాడ, భీమవరం మీదుగా పోతుంది. బందర్లో ఏదన్నా ఆలస్యమైతే గుడివాడలో కూడా ఎక్కొచ్చు. పొద్దున్నే విశాఖలో దిగితే విజయనగరానికి బస్సులు వస్తూనే ఉంటాయి.

అప్పుడు బందరు ఉద్యోగం చేసేవాడు ఒక సంగతి చెప్పాడు. మేము చదువుకున్నన్నాళ్ళూ తెలియక నష్టపోయిన సంగతి అది. చదువుకునే పిల్లలు కాలేజీ నుంచి సొంతూరికి వెళ్ళి రావడానికి రైల్వే రాయితీ ఇస్తుంది. సెకండ్ క్లాసు, స్లీపర్ క్లాసుల్లో మామూలు విద్యార్థులకి 50 శాతం, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకి 75 శాతం. 2020లో చాలా రాయితీలు ఆపేసినా విద్యార్థులది ఆపలేదు. దీనికి రైల్వే వాళ్ళ ఫారం ఉంటుంది, కాలేజీ వాళ్ళు నింపి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ ఫారం పట్టుకుని స్టేషన్ కౌంటర్‌కే వెళ్ళాలి, ఫోన్లో బుక్ చేస్తే రాయితీ రాదు. తత్కాల్‌కి కూడా వర్తించదు. మేము మూడేళ్ళు పూర్తి డబ్బులు పెట్టి తిరిగాం. మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సరే, రైలే అని తేల్చాం. కానీ చేరాకనే కదా యూనివర్సిటీ ఫారం ఇచ్చేది! మొదటిసారి వెళ్ళేటప్పుడు చెల్లి చేతిలో ఆ ఫారం ఉండదు. పైగా తోడు ఎవరు వెళ్ళాలి? మాలో ఎవరు వెళ్ళినా రానూపోనూ టికెట్లు, అక్కడ ఉండే ఖర్చు.

పిన్ని అప్పటిదాకా గడప మీద కూర్చుని వింటూనే ఉంది. మధ్యలో అంది, "ఆడోళ్ళకి బస్సు ఉత్తదే కదయ్యా. నేనే ఎల్తా దాంతో."

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో రాష్ట్రం అంతా ఆడవాళ్ళకి టికెట్ లేదు. ఈ లెక్క మా నలుగురిలో ఒక్కడి బుర్రకీ తట్టలేదు. మేము నవ్వాం కూడా. "పిన్నీ, ఆ బస్సుల్లో అంత దూరం అంటే ఐదారు చోట్ల మారాలి, రెండు రోజులు పడుతుంది" అన్నాం.

"రాత్రంతా మొల లోతు నీళ్ళల్లో నిలబడి పీతలు పడతా. బస్సులో కూసోలేనా?" అంది. ఆగి, మళ్ళీ అంది, "ఆడ దానికి ఏదన్నా అయితే రేపు మీరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నాకు దారి తెలియొద్దా?"

మేమేం మాట్లాడలేదు. ఆ తమ్ముడి నాన్న మాకు గుర్తొచ్చాడు.

అప్పటిదాకా మేము చెల్లిని ఒక్క మాట అడగలేదు. తను లోపల్నుంచి వచ్చి మా పుస్తకం లాక్కుని, మారాల్సిన బస్టాండ్ల పేర్లు వరసగా రాయడం మొదలుపెట్టింది. "మొదటిసారి అమ్మతో బస్సు. తర్వాత ఫారం తీసుకుని బందరు బండి. నేను ఒక్కదాన్నే వస్తా, మీరు స్టేషన్‌కి రండి చాలు" అంది.

చీకటితోనే బయల్దేరారు. అవనిగడ్డ, బందరు, గుడివాడ, ఏలూరు. సాయంత్రానికి రాజమండ్రి చేరారు. మాలో ఒకడి స్నేహితుడి అక్క ఇంట్లో పడుకున్నారు. రాత్రి పూట ప్రయాణం వద్దని ముందే అనుకున్నాం. రెండో రోజు తుని, విశాఖ, విజయనగరం. మధ్యలో ఒకచోట తెలియక అల్ట్రా డీలక్స్ ఎక్కితే, ఇందులో ఫ్రీ లేదని దింపేశారు. ఇంకోచోట ఆధార్ మీద పిన్ని ఫొటో గుర్తుపట్టలేక కండక్టర్ రెండుసార్లు చూశాడు. సర్టిఫికెట్లు గుడ్డ సంచీలో పెట్టి, ఆ సంచీ పిన్ని చీర కొంగుకి కట్టుకుంది. దారిలో ఇంటి నుంచి తీసుకెళ్ళిన పులిహోర తిన్నారు. ఇద్దరికీ కలిపి టీలకి, ఆటోలకి ఐదొందలు కూడా అవ్వలేదు.

చెల్లిని హాస్టల్లో దింపి, పిన్ని ఒక్కతే తిరిగొచ్చింది. చదువు రాదు. బస్సు బోర్డు చదవలేదు. అడుక్కుంటూ, అడుక్కుంటూ వచ్చేసింది. ఇప్పుడు ఎవరడిగినా ఆ ఊళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతుంది.

దసరాకి చెల్లి రాయితీ టికెట్‌తో స్లీపర్‌లో బందరు వచ్చింది. మేము స్టేషన్‌కి వెళ్ళాం. దిగి, మొదటి మాటగా, "అన్నా, సంక్రాంతికి ముందే తీసుకోవాలి, అరవై రోజుల ముందే టికెట్లు వదులుతారు" అంది. మాకు చెప్పే స్థాయికి వచ్చింది.

ఉచితం కదా అని ప్రతిసారీ బస్సులోనే వెళ్ళమని మేము చెప్పం. పరీక్షల ముందు రెండు రోజులు దారిలోనే పోతే కష్టం. మగపిల్లలకి ఆ వీలు కూడా లేదు. కానీ ఆ 75 శాతం మనందరిదీ. కాబట్టి చేరిన వారంలోనే ఆఫీసుకి వెళ్ళి ఫారం అడగండి. ఒరిజినల్స్ ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, జిరాక్స్‌లు ఇంట్లో ఒక సెట్టు ఉంచండి. రైల్లో ఇబ్బంది అయితే 139కి ఫోన్ చేయండి. అన్నిటికంటే ముందు, మొదటిసారి వెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళని ఒకర్ని తీసుకెళ్ళి ఆ చోటు చూపించండి.

మేము టికెట్ ఎంత, ఎన్ని గంటలు అని మాత్రమే లెక్కేశాం. కష్టం వస్తే ఎవరు వెళ్ళగలరు అని పిన్ని లెక్కేసింది. ఆ తమ్ముడి విషయంలో మేము వేయాల్సిన లెక్క అదే. వాడు ఈ ఏడాది మళ్ళీ అప్లికేషన్ పెడతానంటున్నాడు. కాగితాలన్నీ చేతికొచ్చాయి. వాళ్ళ నాన్నని కూడా వెంట తీసుకెళ్ళమని చెప్పాం. ఆయన టికెట్ డబ్బులు మా నలుగురివీ.

కోడూరు, అవనిగడ్డ, బందరు, గుడివాడ వైపు మనవాళ్ళు ఎవరైనా మీ కాలేజీలో రైల్వే ఫారం ఇవ్వట్లేదంటే చెప్పండి. కలిసి వెళ్ళి అడుగుదాం.