కాటా చెప్పని సంగతి

కిడ్నీ మార్పిడి జరిగిన మొదటి ఏడాదిలో ఐదు నుంచి పది కిలోలు పెరిగేవాళ్లు మా ఓపీలో కొత్త కాదు. ఇంట్లోవాళ్లకు అది సంబరమే. డయాలసిస్ రోజుల్లో కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దన్నాం. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు వార్చేయమన్నాం. తాగే నీళ్లనూ కొలిచి ఇమ్మన్నాం. అప్పుడు సహించని అన్నం ఇప్పుడు రుచిగా ఉంటుంది, పైగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఆకలిని రేపుతుంది. కాబట్టి ఒళ్లు చేయడంలో వింత లేదు. పెరిగింది నీరా, కండా, కొవ్వా అన్నదే నాకు కావాలి.

రిటైరైన ఓ బస్సు కండక్టరు మూడు రోజుల్లో మూడు కిలోలు పెరిగారు. "పండక్కి కూతురింట్లో బాగా తిన్నాను సార్" అన్నారు. అంత తక్కువ రోజుల్లో అంత కొవ్వు చేరదు, చేరింది నీరే. చీలమండ దగ్గర నొక్కితే గుంట పడింది, మూత్రం తగ్గింది. బయాప్సీలో రిజెక్షన్, అంటే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం, తేలింది. త్వరగా రావడం వల్ల ఇంజెక్షన్లకు అది లొంగింది. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూసుకోమని మేం చెప్పేది ఇందుకే.

ఓ టీచరమ్మది దీనికి తలకిందులు. ఏడాదంతా ఆమె బరువు 54 కిలోలే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8 అని మురిసిపోయారు. కానీ చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవలేకపోయారు. హీమోడయాలసిస్‌లో ప్రతిసారీ కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు పోతాయి. అప్పుడు మొదలైన కండ క్షీణతను స్టెరాయిడ్ కొనసాగించింది, ఖాళీ అయిన చోటును కొవ్వు నింపింది. క్రియాటినిన్ కండరాల నుంచే వస్తుంది గనక, కండ తగ్గితే ఆ అంకె ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది. ఆమెకు మందులేం పెంచలేదు. పప్పు, గుడ్డు, పెరుగు కొలత చూసి రాసిచ్చి, రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయించాం.

ఇక కొవ్వు. ఓ డిగ్రీ కుర్రాడు నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు. "ఇన్నాళ్లకు తింటున్నాడు, ఏమీ అనకండి డాక్టరుగారూ" అంది తల్లి. కాళ్లు సన్నగానే ఉన్నాయి, నడుము మాత్రం 98 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు 90 దాటితేనే జాగ్రత్త పడాలి, ఆడవాళ్లకైతే 80. స్టెరాయిడ్ కొవ్వును ముఖానికీ పొట్టకూ చేరుస్తుంది, రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్ ఇన్సులిన్ ఊరడాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిసి అతనికి షుగర్ తెచ్చాయి. ముఖం ఉబ్బిందని అతను స్టెరాయిడ్ మాత్ర మానేద్దామనుకున్నాడు.

"మానేస్తే ముఖం తగ్గుతుందేమో గానీ, అమ్మ ఇచ్చిన కిడ్నీ పోతుంది బాబూ. మోతాదు తగ్గించే పని నాకు వదిలెయ్. అన్నం తగ్గించి, కూర పెంచి, నడవడం నీ పని" అన్నాను.

ఆరు నెలలకు బరువు రెండు కిలోలే తగ్గింది. అతను నిరుత్సాహపడ్డాడు. నడుము కొలిస్తే 92 ఉంది, షుగర్ అదుపులోకి వచ్చింది. కాళ్లకు కండ పట్టింది, కాటా మీద ఆ బరువూ లెక్కలోకి వచ్చింది. కిడ్నీ మార్పించుకున్న ఇంట్లో కాటాతో పాటు ఓ టేపు కూడా ఉండాలి. కొత్త కిడ్నీ ఎక్కువ కాలం నిలవాలంటే గుండె, షుగర్ కూడా బాగుండాలి. వాటికి వచ్చే ముప్పును ముందుగా పసిగట్టడానికి నడుము కొలత సాయపడుతుంది.