సాయంత్రం దాకా నిలబడ్డవాళ్ళు

పొగాకు పనుల రోజుల్లో తెల్లారకముందే ఆడవాళ్ళు మా పల్లె మొదట్లో ఉన్న వేపచెట్టు కింద చేరేవాళ్ళు. మేస్త్రి సైకిలు దిగి, స్టాండు వేసి, చేతిలో పుల్లతో ఒక్కొక్కరినీ చూపిస్తూ పోయేవాడు. "నువ్వు రా. నువ్వు రా. నువ్వొద్దులే." వయసులో ఉన్నవాళ్ళకూ, చెయ్యి చురుకైనవాళ్ళకూ ముందు పిలుపు. చంటిబిడ్డల తల్లులు, దగ్గేవాళ్ళు, మా నాయనమ్మలాంటి ముసలివాళ్ళు ఆఖరున. కొన్ని రోజులు ఆమె సద్దిగిన్నె మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చేది. ఆ సద్ది మధ్యాహ్నం ఇద్దరం తినేవాళ్ళం. నాకది సంబరం. ఆమె ఆ పూట మాట్లాడేది కాదు.

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ దాపున ఊరు మాది. ఇంటిల్లిపాదీ బాప్టిస్టులం. కృప, రక్షణ, ఏర్పాటు అనే మాటలు అన్నం, నీళ్ళు అన్నంత మామూలుగా నా చెవిన పడేవి. 'ఏర్పాటు', అంటే దేవుడు మనుషుల్ని ఎన్నుకోవడం, ఆ మాట వినగానే నాకు మేస్త్రి చేతిలో పుల్ల కనపడేది. లేదంటే చేట. నాయనమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరేటప్పుడు రాళ్ళనూ వడ్లగింజలనూ చూపుడువేలితో అంచుకు నెట్టి, గుప్పిట్లోకి తీసి వాకిట్లోకి విసిరేది. దేవుడు మనుషుల్ని ఏరుకుంటాడంటే, నేను బియ్యమా, రాయా?

ఆ భయం పుట్టించింది ఏశావు కథ. మా గుడి పాస్టరు అయ్యగారి భార్యను అమ్మగారనేవాళ్ళం. ఆమె ఆదివారం పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి చెప్పింది. ఏశావు, యాకోబు అనే కవలలు ఇంకా పుట్టలేదు, మంచీ చెడూ ఏదీ చెయ్యలేదు, అప్పటికే దేవుడు చిన్నవాడు యాకోబును ఎన్నుకున్నాడు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయంలో ఇదే సంగతి ఎత్తుకుంటాడు. పెద్దవాడు ఏశావు పొలం నుంచి అలసి వచ్చి, ఆకలికి తాళలేక, తమ్ముడు వండిన చిక్కుడుకాయల కూరకు జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు. మన తెలుగు బైబిల్లో ఉన్నది చిక్కుడుకాయలే. మా దడి మీద పాకిన తీగ కాయలే అవి. మూత తీయని సద్దిగిన్నె కోసం మధ్యాహ్నం దాకా కాచుకున్న పిల్లవాణ్ణి నేను. ఏశావును తప్పుపట్టడం నా వల్ల కాలేదు. రాత్రి దుప్పటి కింద వాడి కోసం ఏడ్చాను.

ఆ రోజుల్లోనే బడిలో ఒక పిల్లవాడు నన్ను నలుగురిలో నిలబెట్టి, "మీ తాతలు గంజి కోసం మతంలో కలిశారంట" అన్నాడు. ఇంట్లో విన్నదే అనుంటాడు. చిక్కుడుకాయల కూర గుర్తొచ్చి నా గొంతు పట్టుకుపోయింది. ఇంటికొచ్చి నాయనమ్మనడిగాను.

ఆమె కోప్పడలేదు. వాళ్ళ తాత చెప్పిన సంగతి చెప్పింది. దానిలో కొంత నేను తరవాత పుస్తకాల్లోనూ చదివాను. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేట్టు చేశాడు. అన్నం కోసం వచ్చి మునిగారన్న మాట రాకూడదని సుమారు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 వేసవిలో, ఇక సాయానికి డబ్బు లేదని చెప్పించిన తరవాత కూడా జనం వచ్చారు. కాలవ తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించి, మాకు సాయమొద్దు, చచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో జులై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చినవాళ్ళు మన తెలుగు బోధకులే. ఎక్కువమంది మాదిగవాళ్ళు. నాయనమ్మ తాత వాళ్ళలో ఒకడు.

"తవ్వినందుకు కూలిచ్చారురా. మునిగినందుకు ఎవరూ ఏమీ ఇయ్యలా," అంది నాయనమ్మ. కాసేపాగి, "కూలి మనం అడిగి తీసుకునేది. రక్షణ అడగడానికి మనకేం హక్కుంది? దేవుడు ఊరకే ఇచ్చాడు," అంది.

పౌలు రోమీయుల పత్రిక నాలుగో అధ్యాయంలో చెప్పింది సరిగ్గా ఇదే. పని చేసినవాడికిచ్చేది జీతం, అది బాకీ కిందే లెక్క, దయ కాదు. అక్షరం రాని మనిషి, జీవితమంతా కూలి లెక్కలు వేళ్ళ మీద వేసుకున్న మనిషి, ఆ తేడా నాకు ఒక్క మాటలో తేల్చి చెప్పింది. పెద్దయ్యాక కృప, ఎన్నికల మీద అగస్టీను, పెలాగియసు వాదమూ, 1618-19లో డోర్ట్ సభ తీర్మానాలూ, వెస్లీ అభ్యంతరాలూ చదివాను. కాలేజీలో తెలుగు మేష్టారు వైష్ణవుల పిల్లికూన న్యాయం, కోతిపిల్ల న్యాయం చెబుతుంటే, ఇది మా గుడిలో విన్న సంగతే కదా అని లేచి నిలబడబోయాను. పిల్లి తన కూనను నోట కరచుకుని మోస్తుంది. కోతిపిల్లే తల్లిని గట్టిగా పట్టుకోవాలి. నా మనసెప్పుడూ పిల్లికూన వైపే. ఎందుకంటే నాయనమ్మ చేతుల్లో పట్టు చిక్కేంత బలం మిగల్లేదని నాకు తెలుసు.

ఆమెకు ప్రాణమైన కథ మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలోది. ద్రాక్షతోట యజమాని పొద్దున ఒకసారి, తరవాత మళ్ళీ మళ్ళీ వచ్చి కూలీలను పిలుచుకుపోతాడు. పొద్దుగూకే ముందు ఇంకోసారి వచ్చి, పగలంతా ఎందుకు ఊరకే నిలబడ్డారని అడుగుతాడు. మమ్మల్నెవరూ పిలవలేదంటారు వాళ్ళు. అయ్యగారు ఈ మాట చదివినప్పుడల్లా నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకునేది. అందరికీ ఒకే దేనారం ఇవ్వడం అన్యాయమని గుడిలో కొందరు గొణిగేవాళ్ళు. ఆమెకు దేనారంతో పనిలేదు. పొద్దున ఏరి వదిలేసినవాళ్ళ కోసం సాయంత్రం వెనక్కి వచ్చినవాడున్నాడు, అంతే. అట్లాంటి మేస్త్రిని ఆమె వేపచెట్టు కింద ఒక్కసారీ చూడలేదు. ఏర్పాటంటే ఆమెకు అదే. ఎవరిని వదిలేశాడన్న లెక్క ఆమె అడగలేదు. వదిలేసినవాళ్ళలో తనే ఉంది గనక.

నాకు మాత్రం ఏశావు మిగిలిపోయాడు. ఒక సాయంత్రం ఆమె చేట ముందు కూర్చుని ఉండగా అడిగేశాను. "మరి ఏశావు సంగతేంది నాయనమ్మా? వాణ్ణి పారేశాడా?"

"నాకు తెలవదురా," అంది. "ఆ కథ అక్కడితో అయిపోలేదంట గదా. బైబిలు తీసి ముందుకి చదువు."

ఆదికాండం తీశాను. చాలా పేజీల తరవాత, ముప్పై మూడో అధ్యాయంలో దొరికాడు. ఇరవై ఏళ్ళ తరవాత యాకోబు భయపడుతూ, ఏడుసార్లు నేలదాకా వంగి ఎదురొస్తున్నాడు. నాలుగు వందల మందితో వస్తున్న ఏశావు వాణ్ణి చూసి పరుగెత్తాడు. మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నీ ముఖం చూస్తే దేవుడి ముఖం చూసినట్టుందన్నాడు, ఎన్నికైన తమ్ముడు, ఆ అన్నతో.

చేటలో నాయనమ్మ వేలు ఆగిపోయింది.

"పరిగెత్తింది ఎవరన్నావు?"

"ఏశావు."

"ఇంకోసారి చదువు," అంది.